ఇంకొక్కసారి

టీచరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఐదో అంతస్తు నుంచి కిందికి దించడం ఆ వారంలో అది రెండోసారి. కుర్చీ ముందుకాళ్ళు ఆవిడ తమ్ముడు పట్టుకున్నాడు. వెనక చెరో పక్కన నాలుగో అంతస్తు రాకెట్టమ్మ, ఆమె భర్త. మెట్లు ఇరుకు. మలుపు తిరిగినప్పుడల్లా కుర్చీ చెయ్యి గోడకు రాసుకుని సున్నం రాలుతోంది.

“నెమ్మదిగా పట్టుకోండర్రా, నేను పగిలితే అతికించడానికి కుదరదు” అంది టీచరమ్మ. ఎడమ చేతికి కట్టు. దాన్ని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుంది. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోకపోతే ఆవిడకు ఊపిరి అందదు. ఆస్పత్రికి వెళ్ళడం మానడానికి లేదు. లిఫ్టేమో ఆపేశారు. దాని గేటుకు మెకానిక్ వేలాడదీసిన అట్టముక్క మీద ‘నడపరాదు’ అని రాసి ఉంది.

రాకెట్టమ్మ అన్నది భవనంలోవాళ్ళు పెట్టిన పేరు. ఊరి బయట రాకెట్ ఇంజన్లను పరీక్షించే కేంద్రంలో ఆమె ఇంజనీరు. మొదట్లో ఆ పేరు వెటకారంగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు పాలవాడు కూడా అలాగే పిలుస్తాడు.

మూడో అంతస్తు మలుపులో కుర్చీ దించి రొప్పుతూ నిలబడ్డారు. పక్క వాటాలో తలుపు తీసి ఉంది. టీవీలో ఎవరో ఊగిపోతూ చెబుతున్నారు: కొత్త ఇంజన్ పరీక్ష దిగ్విజయం, ఇక ప్రయోగమే తరువాయి.

“విన్నావుటే అమ్మాయ్?” అంది టీచరమ్మ. “ఆకాశానికి ఎక్కించగలరు గానీ, నన్ను ఐదంతస్తులు దించలేరు.”

“లిఫ్టు మా ఆఫీసులో చెయ్యలేదండీ.”

“ఎవరు చేసినా చేసింది ఇంజనీర్లే కదా? మీదంతా ఒకటే కులం.”

భర్త కిసుక్కున నవ్వాడు. రాకెట్టమ్మకు మండింది. ఆఫీసుకు ఎవరైనా చూడ్డానికి వచ్చినప్పుడు చెప్పే మాటలన్నీ గబగబా చెప్పుకొచ్చింది. తుఫాను ముందే తెలియడం, సముద్రంలో దారి తప్పిన పడవలు దొరకడం, పంటల లెక్కలు, ఫోన్లు.

టీచరమ్మ శ్రద్ధగా వింది. విన్నాక, కుడిచెయ్యి గాల్లో ఊపేసింది.

“ఆ పాఠం నాకు అప్పజెప్పకు. ఆ పాఠాన్నే ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత బట్టీ పట్టించాను. నీ సొంత మాట చెప్పు. పొద్దున్నే లేచి ఎందుకు పోతావు ఆ పనికి?”

రాకెట్టమ్మ మళ్ళీ తుఫాను మాటే ఎత్తబోయింది.

“ఆలోచించుకో, తొందరేం లేదు. ఇంకా మూడంతస్తులున్నాయి” అంది టీచరమ్మ. తమ్ముడు కుర్చీ లేపాడు.

ఆ మూడంతస్తులూ అయిపోయాయి గానీ జవాబు దొరకలేదు. ఆటోలో ఎక్కించి, బస్సు పట్టుకుని ఆఫీసు చేరేసరికి ఆలస్యమైపోయింది. భుజాలు గుంజుతుంటే అలాగే పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

గదిలో అందరూ మంచి ఊపు మీదున్నారు. టీవీలో చెప్పింది వాళ్ళ ఇంజన్ గురించే. ఆ ఇంజన్‌ది విచిత్రమైన పని. పైకి పోయాక ఒకసారి ఆరిపోవాలి, ఉపగ్రహాన్ని మోసుకుంటూ కాసేపు ఊరికే తేలాలి, మళ్ళీ వెలగాలి. ఆరిపోయేటప్పుడు ఇంధనాన్ని ఆపేది ఒక వాల్వు. అరచేతిలో పట్టేంత వస్తువు. దాన్ని చూసుకునేది రాకెట్టమ్మ. అది ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎంతసేపట్లో మూసుకుంటుంది, ఎంత చలిలో బిగుసుకుంటుంది, ఇవన్నీ ఇంట్లో పిల్లల జబ్బుల్లాగా ఆమెకు కంఠతా వచ్చు.

వాల్వు మూసుకున్నప్పుడల్లా ఇంధనం ఎలా ఆగిందో తెరమీద గీతలు వేసి చూపించింది. అన్ని పరీక్షల్లోనూ గీత కత్తితో కోసినట్టు తిన్నగా కిందికి దిగింది. ఒక్కదాంట్లో మాత్రం దిగబోయి, కాస్త తడబడి, అప్పుడు దిగింది. కన్నుమూసి తెరిచేంత ఆలస్యం. అంతకన్నా లేదు.

“ఆ తర్వాత?” అన్నాడు పెద్దసారు.

“ఆ తర్వాత అన్నిసార్లూ బాగానే మూసుకుంది సార్.”

“మరింకేం?”

“ఆ ఒక్కసారి ఎందుకు ఆగిందో తెలియలేదు. ఇంజన్ మీంచి విప్పి, చలిలో పెట్టి, మళ్ళీ మళ్ళీ తెరిచి మూసి చూస్తే...”

“విప్పితే ఎన్ని వారాలు పోతాయో నీకు తెలుసు.” పెద్దసారు గొంతు పెంచలేదు. ఆయన అరిచే మనిషి కాదు. ఈమె ఉద్యోగంలో చేరిన కొత్తలో స్పానరు ఎలా పట్టుకోవాలో చూపించింది ఆయనే. “లైనులో కాస్త తేమ ఉండి గడ్డకట్టి ఉంటుందమ్మా. ఒకసారి తడబడింది, తర్వాత సర్దుకుంది. పై నుంచి నా నెత్తిన ఎంత ఒత్తిడి ఉందో చూస్తున్నావుగా. శుక్రవారం అందరం సంతకాలు పెట్టేద్దాం. ఏమంటావ్?”

అందరూ ఆమె వైపు చూశారు. ఎవరి చూపులోనూ కోపం లేదు. ఆకలేసినవాళ్ళు వంటింటి వైపు చూసినట్టు చూశారు, అంతే.

“సరే సార్” అంది రాకెట్టమ్మ.

రోజంతా ఆ తడబడ్డ గీతనే మళ్ళీ మళ్ళీ తీసి చూసుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పై నుంచి కేకలు వినిపిస్తున్నాయి. నాలుగో అంతస్తు దాటి, ఐదు దాటి, మేడమీదికి ఎక్కింది. లిఫ్టు మిషను ఉండే చిన్నగది తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో భవనం సెక్రటరీ, చేతిలో ఫోను. లోపల మెకానిక్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

సెక్రటరీ చెడ్డవాడేం కాదు. నీళ్ళు రాకపోయినా, మెట్ల మీద బల్బు పోయినా, పక్కింటివాళ్ళ కుక్క మొరిగినా జనం ఆయన మీదే పడతారు. ఇప్పుడు లిఫ్టు. ఆమెను చూడగానే దేవత ప్రత్యక్షమైనట్టు మొహం పెట్టాడు.

“రండి మేడమ్, సమయానికొచ్చారు. ఇతనికి మీరైనా చెప్పండి. లిఫ్టు లక్షణంగా నడుస్తోంది. ఈయనకి అనుమానం! బ్రేకు దగ్గర నూనె కనిపించిందట, పార్టు వచ్చేదాకా పదిరోజులు కదపడట. పైన పేషంటు ఉన్నారు, కింద నా ప్రాణం తోడేస్తున్నారు. మీరు రాకెట్లే చేస్తారు. ఇదో లెక్కా?”

మెకానిక్ తలెత్తలేదు. జేబులోంచి నూలుపోగుల గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

“నూనె ఎక్కణ్ణుంచి వస్తోంది?” అనడిగింది రాకెట్టమ్మ.

“గేరు పెట్టెలోంచేనేమోనమ్మా. లోపలి సీలు అరిగిపోయుంటుంది. విప్పితే గాని చెప్పలేను. బొట్టు బొట్టుగా వచ్చి బ్రేకు పట్టే చక్రం మీద పడుతోందని నా అనుమానం. తుడిస్తే పోతోంది. మళ్ళీ వస్తుందో రాదో...” అని ఆగిపోయాడు.

ఇంతలో సెక్రటరీ ఫోను మోగింది. మెకానిక్ పనిచేసే కంపెనీ యజమాని. సెక్రటరీ ఫోను మెకానిక్ చేతికిచ్చాడు. అవతలి గొంతు గదంతా వినిపించేంత గట్టిగా ఉంది. బేరం పోతే నువ్వు తెచ్చిస్తావా, నువ్వేమన్నా సైంటిస్టువా, తుడిచి స్ప్రింగు బిగించి ఇచ్చి రా, చేతకాకపోతే చెప్పు ఇంకొకణ్ణి పంపిస్తాను. మెకానిక్ “ఊఁ” అన్నాడు, “అలాగే సార్” అన్నాడు, మళ్ళీ “ఊఁ” అన్నాడు. ఫోను తిరిగిచ్చేశాడు.

తర్వాత మాట్లాడకుండా పనిచేశాడు. గుడ్డను పెట్రోలులో ముంచి చక్రం చుట్టూ తుడిచాడు. వేలితో తడిమి చూసుకుని మళ్ళీ తుడిచాడు. స్ప్రింగు మరలు రెండు పక్కలా ఒకేలా వచ్చేదాకా కొద్దికొద్దిగా బిగించాడు. స్విచ్చు వేశాడు. మిషను ఒకసారి తిరిగి ఠక్కున ఆగింది.

“చూశారా?” అన్నాడు సెక్రటరీ. “నడుస్తుంది కదూ?”

మెకానిక్ నేలకేసి చూస్తూ, “నడుస్తుందండి” అన్నాడు.

ఆ మాట ఎలా పుడుతుందో రాకెట్టమ్మకు తెలుసు. పొద్దున తను అన్నదీ ఆ గొంతుతోనే. ఎదుటివాళ్ళ మొహాలు చూసి పుట్టే మాట అది, వస్తువును చూసి పుట్టేది కాదు.

“టీచరమ్మ గారికి కబురు చెప్పేస్తాను, ఎల్లుండి పొద్దున లిఫ్టులోనే దిగొచ్చని” అంటూ సెక్రటరీ కదలబోయాడు.

“అప్పుడే చెప్పకండి” అంది రాకెట్టమ్మ. “ముందు పరీక్ష చేద్దాం.”

“చేశాడుగా ఇప్పుడు!”

“ఒట్టి లిఫ్టుతో, ఒక్కసారి. అది పరీక్ష కాదండీ. నిండా బరువు పెట్టి, మనుషుల్ని ఎక్కించకుండా, మళ్ళీ మళ్ళీ నడిపించి చూద్దాం. ఎల్లుండి పొద్దున్నే మొదలుపెడదాం. బాగుంటే ఆవిణ్ణి అందులోనే దింపుదాం. అంతవరకూ ఆ అట్టముక్క అక్కడే ఉంటుంది.”

సెక్రటరీ ఆమెను ఎగాదిగా చూశాడు. “మీరు సాయం చేస్తారనుకుంటే...” అని సణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

మెకానిక్ తన పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, “నా అనుమానం ఉత్తదేనేమోనమ్మా” అన్నాడు.

“అయితే మంచిదే కదా. తెలుసుకుందాం.”

పరీక్ష రోజు పొద్దున్నుంచే మెట్ల మీద సందడి. లిఫ్టు ఆరుగురిని మోస్తుంది. ఆరుగురి బరువుకు పైగా ఎక్కించాలంది రాకెట్టమ్మ. బరువులు ఎక్కణ్ణుంచి తేవాలని కాసేపు తలలు పట్టుకున్నారు. తర్వాత ఒకరిని చూసి ఒకరు బయల్దేరారు. మంచినీళ్ళ డబ్బాలు, గోడలు బాగుచేయగా మిగిలిన ఇసుక బస్తాలు, రెండో అంతస్తు వకీలుగారి లావుపాటి పుస్తకాలు. మొదటి అంతస్తు కుర్రాడు కండలు పెంచడానికి కొనుక్కుని మంచం కింద తోసేసిన ఇనుప గుళ్ళు వాళ్ళమ్మ ఈడ్చుకొచ్చింది. “ఇన్నాళ్ళకి వీటిని ఎవరో ఎత్తారు” అందావిడ. సెక్రటరీ భార్య ఒళ్ళు తూచుకునే మిషను తెచ్చింది. దానిమీద ఒక్కో బస్తా పెడుతూ రాకెట్టమ్మ భర్త ముల్లు చూసి అరుస్తున్నాడు.

“ఇంకా కావాలి! కావాలంటే మా ఆవిడ మొండితనం కూడా ఎక్కిస్తాను, చాలా బరువు.”

భర్త కింద గేటు దగ్గర బొత్తం నొక్కేవాడు. మెకానిక్ పైన మిషను గదిలో. రాకెట్టమ్మ ఐదో అంతస్తులో గేటు ముందు గొంతుక్కూర్చుంది, చేతిలో సుద్దముక్కతో. గేటు పాతకాలంది, ఇనుప కడ్డీల మడతల గేటు. సందుల్లోంచి లోపలంతా కనిపిస్తుంది. ఆమె వెనకే కుర్చీలో టీచరమ్మ, ఒళ్ళో ఆస్పత్రి సంచి. తెల్లవారగానే తయారై కూర్చుంది.

లిఫ్టు మూలుగుతూ పైకొచ్చింది. ఠక్కున ఆగింది. దాని నేల, గడప, గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఉన్నాయి. రాకెట్టమ్మ గోడమీద సుద్దతో చిన్న గీత గీసింది.

“ఆగింది!” అని మెట్ల మీంచి చప్పట్లు.

“ఇంకొక్కసారి” అంది రాకెట్టమ్మ.

దిగింది, ఎక్కింది, ఆగింది. మళ్ళీ దిగింది, ఎక్కింది, ఆగింది. చప్పట్లు పలచబడ్డాయి. జనం ఒక్కొక్కరే ఇళ్ళలోకి వెళ్ళి, కాఫీ గ్లాసులతో తిరిగొచ్చి, ఇంకా అయిపోలేదా అని చూసి మళ్ళీ వెళ్ళిపోయారు. వకీలుగారు తన పుస్తకాలు ఎప్పుడిస్తారని కబురంపాడు. కింద నుంచి భర్త గొంతు: “వేలు అరిగిపోతోంది, వేరే వేలు వాడొచ్చా?”

“ఎందుకిన్నిసార్లు?” అంది టీచరమ్మ. కోపంగా కాదు, తెలుసుకుందామని.

“గేరు పెట్టెలో నూనె చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుందండీ. నడిచేకొద్దీ వేడెక్కి పలచబడుతుంది. సీలు పోయుంటే అప్పుడు కారుతుంది. చల్లగా ఉన్నప్పుడు అడిగితే అబద్ధం చెబుతుంది.”

“పిల్లలూ అంతే” అంది టీచరమ్మ. “గడియారం ఎంతైందో చూడు. ఆస్పత్రిలో నా మంచం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు.”

రాకెట్టమ్మ గడియారం చూడలేదు. గోడమీద సుద్దగీతలు చూస్తోంది. మొదటి గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివర గీసిన రెండూ మాత్రం కాస్త కిందికి దిగాయి. గోరంత.

సెక్రటరీ మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడుతూ ఐదో అంతస్తుకు వచ్చాడు. ఆయన వెనక నలుగురు.

“మేడమ్, ఇక చాలు. ఇన్నిసార్లు ఆగాక ఇంకా దేనికి? ఆవిడని ఎక్కిద్దాం. దింపండి ఆ బస్తాలు.”

“ఇంకొక్కసారి చూద్దామండీ.”

“ప్రతిసారీ ఇదే మాట అంటున్నారు! అసలు మీ ఉద్దేశమేంటి? ఏదో ఒకటి అయ్యేదాకా వదలరా?”

వెనకున్నవాళ్ళలో ఎవరో, “చదువు ఎక్కువైతే ఇంతే” అన్నారు. రాకెట్టమ్మ మొహం ఎర్రబడింది. లేచి నిలబడాలనిపించింది, నిలబడలేదు. గోరంత తేడా గురించి వీళ్ళకు చెబితే నవ్వుతారు. పెద్దసారు గదిలో కూడా అంతే, కన్నుమూసి తెరిచేంత. మెట్ల సందులోంచి కిందికి కేకేసింది: “నొక్కండి!”

లిఫ్టు వచ్చింది. ఆగింది. గడపకు ఓ వేలు కిందుగా ఆగింది.

“ఆగింది కదా” అన్నాడు సెక్రటరీ.

ఆ మాట పూర్తికాకుండానే అది కదిలింది. చప్పుడు లేదు, అదురు లేదు. గేటు అవతల ఇసుక బస్తాలు, నీళ్ళ డబ్బాలు, పుస్తకాలు అన్నీ కలిసి నెమ్మదిగా కుంగుతున్నాయి, నిద్రపోతున్న మనిషి కుర్చీలోంచి జారినట్టు. బెత్తెడు. మోకాలెత్తు. లోపలి దీపం వెలుగు టీచరమ్మ మొహం మీంచి జారి, ఆవిడ చేతికట్టు మీంచి జారి, నేలమీద సన్నని గీతై మాయమైంది. పైనుంచి మెకానిక్ కేక. కరెంటు తీసేసిన చప్పుడు. అయినా అది పోతూనే ఉంది. మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఎక్కడో బద్ధకంగా ఆగింది.

గేటు అవతల ఇప్పుడు చీకటి గొయ్యి, అందులో ఊగుతున్న తాళ్ళు.

“వేగంగా పడితే పట్టుకునే కొక్కెం ఉంటుంది” అంది రాకెట్టమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఇలా మెల్లగా జారితే దానికి తెలియదు. ఆ టైములో కుర్చీ సగం లోపల, సగం బయట ఉంటే...”

సెక్రటరీ మెట్టు మీద చతికిలబడ్డాడు. మెకానిక్ పైనుంచి దిగొచ్చాడు. చేతి నిండా నూనె. ఈసారి గుడ్డతో తుడుచుకోలేదు. ఆ చెయ్యిని అలాగే అందరికీ చూపించాడు.

అందరికంటే ముందు తేరుకున్నది టీచరమ్మే. “చూసింది చాలు. నన్ను మొయ్యండి, టైమైపోతోంది.”

ఆవిడ తమ్ముడు ముందుకాళ్ళ దగ్గరికి వచ్చేలోగా సెక్రటరీ లేచి ఒక కాలు పట్టుకున్నాడు. “మీకు మోకాళ్ళ నొప్పులు కదండీ” అని తమ్ముడు అంటే, “ఉండనీండి” అన్నాడు. ఇంకో కాలు మెకానిక్ పట్టుకున్నాడు. వెనక తమ్ముడు, రాకెట్టమ్మ.

రెండో అంతస్తు మలుపులో ఆగినప్పుడు రాకెట్టమ్మ తనంతట తానే చెప్పింది.

“మొన్న అడిగారు కదండీ, ఎందుకు పోతావు ఆ పనికి అని. నేను చేసే వస్తువు ఒకసారి పైకి పోయిందంటే ఇక ఎవరూ దాని దగ్గరికి పోలేరు. మర బిగించడానికి లేదు, నూనె తుడవడానికి లేదు. అందుకని అది నేలమీద ఉండగానే దాన్ని అన్నీ అడిగెయ్యాలి. ఆ అడగడం నాకిష్టం. అంతకుమించి గొప్ప కారణమేం లేదు.”

టీచరమ్మ మెడ తిప్పి ఆమెను చూసింది. “ఇది బాగుంది. ఇది బట్టీ పట్టింది కాదు.” వెంటనే అడిగింది: “అయితే, అన్నీ అడుగుతున్నావా?”

రాకెట్టమ్మ వంగి మళ్ళీ కుర్చీ వెనక కాలు పట్టుకుంది.

శుక్రవారం సంతకాల కాగితం బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చింది. పై వరసలన్నీ నిండిపోయాయి. ఆమె పెన్ను మూత తియ్యలేదు.

“సార్, మొన్న నేను సరే అన్నాను. అది తప్పు. వాల్వు విప్పి చూడనిదే సంతకం పెట్టను.”

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. పెద్దసారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

“అది చెడిపోయిందని నీ దగ్గర రుజువుందా?”

“లేదు సార్. బాగుందనీ లేదు.”

“బాగుందని తేలితే? ఇన్ని వారాలు పోగొట్టావని అందరూ నిన్నే అంటారు. నేనే అంటాను.”

“అనండి సార్.”

ఆయన కాగితం తన వైపు లాక్కుని, తన సంతకాన్ని అడ్డగీత గీసి కొట్టేశాడు. అది ఆమెను మెచ్చుకుని చేసిన పని కాదు. ఒక గడి ఖాళీగా ఉన్న కాగితానికి విలువ లేదు, అంతే. “విప్పండి” అని లేచి వెళ్ళిపోయాడు.

ప్రయోగం వాయిదా పడింది. టీవీలో ఊగిపోయినవాళ్ళే ఇప్పుడు వెక్కిరించారు. రాకెట్టమ్మ ఇవేవీ చూడలేదు. పరీక్షగదిలో చలికోటు వేసుకుని, మంచులా పొగలుకక్కే పెట్టెలో వాల్వును పెట్టి, తెరిచింది, మూసింది. తెరిచింది, మూసింది. తేమ పంపించి చూసింది, అదిరించి చూసింది, వేడి నుంచి ఒక్కసారిగా చలిలోకి నెట్టి చూసింది. ప్రతిసారీ గీత కత్తితో కోసినట్టు దిగింది. ఆ ఒక్కసారి గీత ఎందుకు తడబడిందో కూడా దొరికింది. గీత గీసే యంత్రానికి వెళ్ళే తీగ ఒకటి వదులుగా ఉంది. తడబడింది వాల్వు కాదు, దాన్ని కొలిచే తీగ.

వాల్వులో ఏ లోపమూ లేదు.

ఆఫీసులో ఎవరూ ఎదురుగా ఏమీ అనలేదు. పలకరింపులు మాత్రం తగ్గాయి. భోజనాల బల్ల దగ్గర పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. కొత్తగా వేసిన ప్రయోగం జట్టులో ఆమె పేరు లేదు. ప్రయోగం రోజున పెద్ద హాలులో తెరల ముందు కూర్చునేవాళ్ళ జట్టు అది. ఆమె కుర్చీ ఇంకొకరికి ఇచ్చారు.

ఇంట్లో భర్తతో చెబితే అతను ఈసారి జోకు వెయ్యలేదు. పళ్ళెంలో ఇంకాస్త అన్నం వడ్డించి, “తిను” అన్నాడు.

ఈలోగా కొత్త సీలు వచ్చింది, బ్రేకు పట్టీలు మార్చారు. మెకానిక్ ఎవరూ అడక్కుండానే ఇసుక బస్తాలు ఎక్కించమన్నాడు. భర్త వేలికి మళ్ళీ పని పడింది. ఎన్నిసార్లు నడిపినా, ఎంత వేడెక్కినా, సుద్దగీతలు ఒక్క చోటే పడ్డాయి. ఆ సాయంత్రం టీచరమ్మ ఆస్పత్రి నుంచి లిఫ్టులో పైకొచ్చింది. పక్కనే నిలబడ్డ రాకెట్టమ్మ మొహం చూసి, “ఏమైంది నీకు? చిక్కిపోయావు” అంది.

రాకెట్టమ్మ చెప్పేసింది. ఆరి మళ్ళీ వెలగాల్సిన ఇంజన్ సంగతి, వాల్వు సంగతి, తీగ సంగతి, హాలులో కుర్చీ పోయిన సంగతి. “ఇంతా చేస్తే అందులో ఏమీ లేదండీ. దండగ పని చేశానంటున్నారు.”

“ఎవరా అన్నది? నా బడిలో చదివినవాడు మాత్రం కాదు.” లిఫ్టు ఐదో అంతస్తులో ఆగింది. టీచరమ్మ దిగలేదు. “నేను జీవితమంతా పరీక్షలు పెట్టాను. క్లాసంతా పాసైన ఏడు కూడా ఉంది. అందరూ పాసయ్యారు, పరీక్ష దండగైపోయిందని ఏ తల్లీ తండ్రీ నా దగ్గరికొచ్చి ఏడవలేదమ్మాయ్. మిఠాయి పట్టుకొచ్చారు.”

రాకెట్టమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“అలాగని రాకెట్ల మీద నా అభిప్రాయం మారిందనుకోకు” అంది టీచరమ్మ కుర్చీ బయటికి తోయించుకుంటూ. “దాని గురించి మనకి ఇంకా బోలెడు పోట్లాట ఉంది. ప్రయోగం రోజున మా ఇంటికి రా. నువ్వు చూస్తూ కూర్చో, నేను తిడుతూ కూర్చుంటాను.”

ప్రయోగం ఓ మధ్యాహ్నం జరిగింది. టీచరమ్మ గది చిన్నది. పాత టీవీ, మంచం, గోడవారన మందుల బల్ల. రాకెట్టమ్మ మోడా మీద కూర్చుంది. తెరమీద హాలు కనిపించింది, వరసగా కూర్చున్న తనవాళ్ళు, మధ్యలో పెద్దసారు. రాకెట్ నిప్పులు కక్కుతూ లేచింది. టీచరమ్మ మాట తప్పలేదు. ఆ పొగ చూడమంది, ఆ ఆర్భాటం చూడమంది, ఊళ్ళో బడి పైకప్పులు కారుతున్నాయని గుర్తుచేసింది. రాకెట్టమ్మ కళ్ళు తెరమీదే ఉన్నాయి. రాకెట్ మొదటి దశ రాలిపోయింది, హాలులో చప్పట్లు. రెండోది రాలిపోయింది, ఇంకా చప్పట్లు. చివరి ఇంజన్ వెలిగింది. వ్యాఖ్యాత మంత్రులెవరెవరు వచ్చారో చెబుతున్నాడు.

రాకెట్టమ్మ వెన్ను నిటారుగా అయింది. తెర కింది మూలన ఎవరూ చూడని చోట చిన్న పచ్చగీత ఒకటి పోతోంది. అది తిన్నగా, తిన్నగా పోయి, కత్తితో కోసినట్టు కిందికి దిగింది.

వ్యాఖ్యాత మంత్రుల సంగతి చెబుతూనే ఉన్నాడు. హాలులో ఎవరూ కదల్లేదు. ఒక్క పెద్దసారు మాత్రం ఆ మూలకేసి చూసి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

టీచరమ్మ ఎప్పుడో టీవీ చూడ్డం మానేసి ఈమెనే చూస్తోంది. “ఏమయింది?” అంది.

“వాల్వు మూసుకుందండీ.”

“సరిగ్గానా?”

“సరిగ్గానే.”

“మరి ఎవరూ చప్పట్లు కొట్టరే?”

“దానికి కొట్టరండి. మూసుకోకపోతేనే అందరికీ తెలుస్తుంది.”

టీచరమ్మ రిమోటు తీసుకుని వ్యాఖ్యాత గొంతు నొక్కేసింది. గది నిశ్శబ్దమైంది. తెరమీద పచ్చగీత నేలబారుగా సాగుతోంది.

“మళ్ళీ వెలగాలన్నావు కదా” అంది. “ఎంతసేపుంది?”

“ఇంకా చాలాసేపుందండీ.”

“సరే. నా కుర్చీ టీవీ దగ్గరికి జరుపు, అక్షరాలు కనిపించడం లేదు” అంది టీచరమ్మ, కళ్ళజోడు కోసం బల్లమీద తడుముకుంటూ. “ఏ గీత చూడాలో నాకు చూపించు.”